ఉప్పు వేయని ముద్ద

థర్మాకోల్ ఓడకు లంగరు తలకిందులుగా అంటించారు, ఎవరికీ పట్టలేదు, పట్టేదెవరికి, ఈ హాల్లో ఉన్న మూడు వందల మందిలో సముద్రం చూసినవాళ్ళు పాతికమంది ఉంటే గొప్ప, కిటికీలోంచి వేడిగాలి కొట్టినప్పుడల్లా తెల్ల తెరచాపలు టపటపమంటున్నాయి, ఎక్కడి నుంచో వేరుశనగ పొట్టు ఎగిరొచ్చి ఓడ మీద పడుతోంది, మైకు దగ్గర రిజిస్ట్రారు గారు ఈ మెట్టనేల మీద సముద్ర చరిత్రకు ఆచార్య పీఠమేమిటని నవ్వినవాళ్ళున్నారు అంటున్నారు, ఉన్నారు, నేనూ నవ్వాను, గురప్ప స్మారక సముద్ర చరిత్ర పీఠం, దానికి మొదటి ఆచార్యురాలు డాక్టర్ సువార్త, అంటే నేనే, పంతొమ్మిదేళ్ళు కాంట్రాక్టు లెక్చరరుగా, ప్రతి వేసవిలోనూ మళ్ళీ పిలుస్తారో లేదో అని ఎదురుచూసిన మనిషిని, ఈ ఉపన్యాసం ముగించి నియామకపు కాగితం మీద సంతకం పెడితే చాలు, రిటైరయ్యేదాకా నన్నెవరూ కదిలించలేరు, చప్పట్లు కొడుతున్నారు, నవ్వాలి కాబోలు, నవ్వాను.

పక్క కుర్చీలో వనజాక్షమ్మ, గురప్పకు మునిమనవరాలు, పీఠం పెట్టించిన మనిషి, పట్టుచీర కొంగు గాలికి నా మోచేతికి తగులుతోంది, ఇప్పుడు అందరిముందూ మేడమ్ మేడమ్ అంటోంది గాని పొద్దున గెస్ట్‌హౌస్‌లో ఏమ్మే సువార్తా అనే పిలిచింది, నా ఉపన్యాసం కాగితాలన్నీ చదివి పక్కన పెట్టి, అంతా బాగా రాసినావు, ఆ ఏడో పేజీ ఒక్కటి ఎందుకు, ధాతు కరువులో ఈడ జనం పిట్టల్లా రాలిపోతాంటే మా ముత్తాత వాళ్ళకు దోవ చూపించినాడు, ఆయప్ప ఓడెక్కించకుంటే అందరూ ఈడనే ఎండిపోయుందురు, అవునా కాదా, తీసేయమని నేను చెప్పను, నీ ఇష్టం, పీఠం మటుకు ఆయన పేరు మీద ఉండాది, చూసుకో అంది, ఆమె గొంతు పెంచలేదు, కాఫీ కూడా తనే పోసి ఇచ్చింది, నేను సరేమ్మా అన్నాను, అన్నాక తెలిసింది అది నా గొంతు కాదని, మా నాయన ఐజాక్ ఈమె వాళ్ళ చేలో కొడవలి చంకన పెట్టుకుని నిలబడి ఎట్లా అనేవాడో అట్లాగే వచ్చింది, అంత చదువూ ఎటు పోయిందో, గదికొచ్చి ఏడో పేజీని నాలుగు మడతలు పెట్టి పర్సులో దాచాను, ఆమె ఏమీ లాక్కోలేదు, నా చేత్తో నేనే తీశాను.

ఏడో పేజీలో ఉన్నది ఒక్క మనిషి, పద్దెనిమిది వందల డెబ్బై ఏడులో కూలీలను పరదేశాలకు ఎక్కించుకుపోయిన ఓడల జాబితాల్లో మూడు నెలల కిందట చెన్నైలో దొరికింది, పేరు నల్లమ్మ, వయసు పద్నాలుగు, కడప జిల్లా కదిరి తాలూకా తనకల్లు, అప్పట్లో కదిరి కడప కిందే ఉండేది, ఎడమ మోచేతి మీద కాలిన మచ్చ, చేర్పించినవాడు గురప్ప, ఓడెక్కిన ఇరవై మూడో రోజున జ్వరంతో మరణం, శవాన్ని సముద్రంలో విడిచారు, అంతే, ఒక గీత, దాని పక్క గీతలో ఇంకెవరో, అదే కట్టలో తల్లి తహసీల్దారుకు పెట్టుకున్న మొర, రోడ్డు పనికని గురప్ప తీసుకుపోయినాడు, సాయంత్రానికి తెచ్చి ఇంటికాడ వదుల్తానన్నాడు, ఏడు దినాలాయ, దొరవారు నా బిడ్డను తెప్పించాల, కింద వేలిముద్ర, దోవ చూపించాడట, ఇదా దోవ, చెన్నైలో ఆ కాగితం ముందు కూర్చుని ఏడవలేదు, నల్లమ్మ నల్లమ్మ అని రెండుసార్లు పైకే అన్నాను, ఎక్కడో విన్నాను ఈ పేరు, ఎక్కడ, బస్సు దిగి ఇంటికొచ్చి సంకటి కుండలో ఉప్పు వేయబోతుంటే చెయ్యి ఆగిపోయింది.

మా అవ్వ తిమ్మక్క రోజూ రెండు కుండల్లో వండేది, ఒకటి ఇంటిల్లిపాదికీ, ఇంకొకటి పిడికెడంత చిట్టికుండ, అందులో ఉప్పు వేయదు, ఆ ముద్ద తీసి గోడమీద పెట్టి నల్లమ్మా తినుపో అనేది, ఎవురికవ్వా అంటే నీళ్ళల్లో పడుకున్న బిడ్డకు, ఆయమ్మ ఉండేదే ఉప్పునీళ్ళల్లో, మళ్ళా ఉప్పేసి పెడితే యాడ తింటాది, వాళ్ళత్త చెప్పిందట, ఆమెకు వాళ్ళత్త, పాస్టరయ్యగారు ఇది సైతాను పని తిమ్మక్కా అంటే, ఏసయ్యకు చెప్పే పెడతాండా అయ్యగారూ, ఆయప్పకు లేని కోపం మీకెందుకు అని నోరు మూయించింది, నేనేమో ఆ పిల్ల బావిలో పడి చచ్చిందనుకున్నాను, మా తనకల్లు పక్క బావుల్లో సగం ఉప్పునీళ్ళే, ఆ నీళ్ళు పోస్తే పప్పు కూడా ఉడకదు, మాకు ఉప్పునీళ్ళంటే బావే, ఇంకో ఉప్పునీరు ఉంటుందని ఏ పిల్లకు తోస్తుంది, అవ్వకు కూడా అది ఏ నీరో తెలియదు, సముద్రం అన్న మాట ఆమె నోట నేను వినలేదు, తిరిగొచ్చిన కూలీ ఎవరో ఆ తల్లికి చెప్పి ఉంటాడు, తల్లి ముద్దగా చేసి పెట్టింది, ఆ ముద్ద నూట నలభై ఏళ్ళు నడిచి మా గోడ మీదికి వచ్చింది, దాన్ని చూస్తూ పెరిగిన నేను డాక్టరేట్ పుస్తకంలో ఏం రాశాను, ఈ మెట్ట ప్రాంతపు జనంలో సముద్రపు జ్ఞాపకం ఏ రూపంలోనూ లేదు అని రాశాను, దానికి బంగారు పతకం ఇచ్చారు, సిగ్గు లేదు.

మూడో వరసలో ఒక కుర్చీ ఖాళీగా ఉంది, ఎవరూ కూర్చోవడం లేదు, ఇద్దరొచ్చి చూసి వెళ్ళిపోయారు, సీటు తడిగా ఉందట, ఇంత ఎండలో తడేమిటి, ఎవరో నీళ్ళసీసా ఒలికించి ఉంటారు, అంతే అయి ఉంటుంది, కానీ మూడు నెలలుగా ఏం తిన్నా నా నాలుకకు ఉప్పు తగలడం లేదు, వంటగదిలో తడి జుట్టు వాసన, వెనక్కి తిరిగితే ఎవరూ ఉండరు, భయంగా ఉంది, డాక్టరు బీపీ చూసి పనివొత్తిడి అన్నాడు, వనజాక్షమ్మ వంగి మేడమ్ మిమ్మల్నే పిలుస్తాండారు అంటోంది, లేచాను, మైకు ముందు కాగితాలు, ఆరో పేజీ కింద ఎనిమిదో పేజీ, ఎంత చక్కగా అతికిందో, ఎవరికీ తెలియదు, చదివేసి సంతకం పెట్టొచ్చు, గురప్ప ఒకసారి నల్లమ్మను జాబితాలో ఎక్కించాడు, నేను జాబితాలోంచి దించుతున్నాను, ఆమె నన్నెందుకు పట్టుకుంది, పగకైతే వాళ్ళింటికి పోవాలి గదా, మా ఇంట్లో ఏముంది, వంటగది తప్ప, వంటగది, అవ్వ పోయి ఆరేళ్ళు, అవ్వను పూడ్చిన మర్నాడు ఆ చిట్టికుండను నేనే కడిగి అటక మీద పడేశాను, ఎవరూ అడగలేదు, ఆరేళ్ళుగా గోడ మీద ఏమీ లేదు, అయ్యో, ఆ పిల్ల పగతో రాలేదు, పర్సు తెరిచి ఏడో పేజీ మడతలు విప్పుతున్నాను, వనజాక్షమ్మ కుర్చీ కిర్రుమంది, కిర్రుమననీ, నల్లమ్మ ఆకలేసి వచ్చింది, ముద్ద పెట్టడం మానేసింది నేను.