మైకు త్యాగం

మానవజాతి తన నోటికి తొడిగిన ఆభరణాలన్నింటిలోనూ మైకే మకుటాయమానం. మా చర్చిలో పాట ఎత్తుకునే గడియారాల మెకానిక్కు ఆ సత్యం బాగా తెలుసు. అది చేతికొస్తే తన గొంతు తప్ప మరొకటి అతని చెవికెక్కదు.

మనసులో దాచుకున్న విగ్రహాలను వదలమని పాస్టరుగారు ప్రసంగించిన ఆదివారం, తన విగ్రహం ఆ మైకేనని అతనికి తోచింది. వారమంతా ఏడ్చి ప్రార్థించాడు. అన్నం కూడా సహించలేదు. చివరికి దాన్ని బావమరిదికి అప్పగించాలని తీర్మానించుకున్నాడు.

"మీరు పాడకపోతే సంఘం ఏమైపోతుందో పాపం!" అంది భార్య, నవ్వాపుకుంటూ.

"దేవుడే చూసుకుంటాడులేవే," అన్నాడతను, చూసుకోలేడేమోనని లోలోపల ఆశపడుతూ.

మరుసటి ఆదివారం అందరి ఎదుటా, గుండె కోసి ఇస్తున్నవాడిలా మైకును అందించాడు. ఒక్కరైనా "వద్దు" అంటారేమోనని చెవులు రిక్కించాడు. వినిపించింది సౌండు చూసే ఎలక్ట్రీషియన్ గొంతొక్కటే.

"ఆగు తమ్ముడూ, ఇటువైపు వైరు కలపాలి. మీ బావ పాడేటప్పుడు తీసి ఉంచమని పాస్టరుగారు చెప్పి ఏడాదైంది."