దారం కట్టని మొగ్గలు

తెల్లదారం కొన పళ్ళ మధ్య పట్టుకుని కొట్రమ్మ అప్పటికే పద్నాలుగో సాలులో ఉంది. నిన్న సాయంత్రం తాను మగభాగం గిల్లి తీసేసిన పత్తి మొగ్గ మీది ఎర్ర కాగితపు గొట్టం తీసింది. ఎడమచేతిలోని మగపువ్వును ఆ మొగ్గ కొన మీద మెల్లగా తిప్పింది. పుప్పొడి అంటిందో లేదో కళ్ళు చికిలించి చూసి, కాడకు దారం చుట్టి, పక్క మొగ్గకు పోయింది. ఇదంతా మనం ఒక్క గుక్క నీళ్ళు తాగేంతలోనే. పదకొండున్నర లోపల మడి మొత్తం అయిపోవాలి. ఎండ ముదిరితే పుప్పొడి పనికిరాదు, పువ్వేమో ఎవరి కోసమూ ఆగదు.

హగరి ఏరు దాటినాక రోడ్డు పక్కన వచ్చే ఈ విత్తనాల ఫారంలో ఆమెది ముప్పై ఒక్క ఏళ్ళ పని. పొట్టి మనిషి. ఎండకు మాడి మాడి మెడ వెనక చర్మం పాత తోలుచెప్పులా ముడతలు పడింది. కుడి బొటనవేలి గోరు మాత్రం పొడుగ్గా, పసుపచ్చగా, చెంచాలాగా వంగి ఉంటుంది. మొగ్గ గిల్లే గోరు అది. పెళ్ళిళ్ళకు పోయినా ఆ వేలిని కొంగులో దాచుకునేదే గానీ గోరు తీసేది కాదు.

సంతకం పెట్టమంటే వేలిముద్రే. కానీ ఆ గోరు మనిషికి ఒక పద్ధతి ఉంది. సాలుకు అయిదు మొగ్గలు గిల్లి, పుప్పొడి అంటించకుండా, దారం కట్టకుండా అట్లే వదిలేస్తుంది. వాటికి కాయ పట్టకూడదు. పట్టిందంటే గిల్లడంలోనే మగపొడి మిగిలి మైల ఉందని, ఆ సాలు విత్తనం మొత్తం పనికిరాదని అర్థం. ఎవరూ చూడకముందు ఆ కాయను పీకి పారేస్తే అడిగేవాడు లేడు. ఇన్నేళ్ళలో రెండుసార్లు కాయ పట్టింది. రెండుసార్లూ తానే పోయి సూపర్‌వైజరుకు చెప్పి, తిట్లు తిని వచ్చింది.

గేటు దగ్గరి నుంచి ఫోను గొంతు వినపడుతూనే ఉంది. అక్కడ ప్లాస్టిక్ కుర్చీలో ఆమె మొగుడు గాళెప్ప కాపలా కూర్చుంటాడు. కుడతిని కరెంటు ఫ్యాక్టరీలో బూడిద లారీలకు ఎత్తిన ఒళ్ళు అతనిది. పోయిన సంక్రాంతి తర్వాత గుండె పట్టేస్తే బళ్ళారిలో లోపల స్ప్రింగు వేసి పంపారు. రక్తం పలచగా ఉంచే మాత్ర ఏడాదిపాటు ఒక్క పూట తప్పకూడదన్నారు. అప్పటి నుంచి రోజూ పొద్దున అతని టిఫిన్ డబ్బా మూతలో మాత్ర పెట్టి ఇచ్చేది కొట్రమ్మే.

ఆ ఫోనులో మాట్లాడే మహానుభావుడి పేరు డాక్టర్ పరశురామ్. వెనక పుస్తకాల బొమ్మ అచ్చువేసిన తెర, ఒంటి మీద మల్లెపువ్వులాంటి తెల్లకోటు. పత్తి విత్తనం విషమంటాడు, టీకా మోసమంటాడు, గుండెజబ్బు అసలు జబ్బే కాదంటాడు, తీరిక దొరికితే చంద్రుడి మీదికి కూడా పోయి వస్తాడు. అన్నీ తెలిసిన ఆ పెద్దమనిషికి తెలియనిది సిగ్గు ఒక్కటే. పద్దెనిమిదేళ్ళ కింద ఇదే ఫారంలో రెండేళ్ళు పనిచేశాడు. చెట్ల ఎత్తు కొలిచి రాయడం అతని పని. కొలకట్టె కొట్రమ్మ చేతిలో ఉండేది, ఆయనగారు వేపచెట్టు నీడలో కూర్చుని మనసుకు తోచిన అంకెలు రాసుకునేవాడు. ఒకనాడు మూడో సాలుకు మూడున్నర అడుగులని రాశాడు. ఆ సాలును అంతకు నాలుగు రోజుల ముందే ఎనుములు మొదలుకంటా మేసి పోయాయి. పెద్దసారు అతన్ని చెయ్యి పట్టుకుని ఆ మోళ్ళ ముందర నిలబెట్టి, "కొలువు" అన్నాడు. ఆ సాయంత్రమే పెట్టె సర్దుకున్నాడు.

"అత్తా," అని పక్కసాలు నుంచి పిలిచింది నేత్రావతి. పోయినేడు పనిలో చేరిన పిల్ల. "మామ మాత్ర మానేసినాడంట గదా? మా ఆయప్పకి గూడా చెప్తాండాడు, బీపీ మాత్ర పారేయమని."

కొట్రమ్మ పళ్ళ మధ్య నుంచి దారం జారిపోయింది. సాలు మధ్యలో పని వదిలి గేటుకు నడిచింది.

"ఎన్ని దినాలాయె?" అంది, ముందూ వెనకా లేకుండా.

గాళెప్పకు అర్థమైంది. "ఇరవై రెండు. ఏమైంది నాకి? చూడు, గుండ్రాయి మాదిరి ఉండాను."

"డబ్బా మూతలోవి యాడ పోయినాయి?"

"కాలవలో."

"తప్పగూడదని డాక్టరు నా ముందరే చెప్పె గదప్పా!"

"ఆ డాక్టరు కంపెనీ మనిషే. ఈయప్ప సైంటిస్టు. లోపలుండి అంతా చూసొచ్చినోడు."

"లోపల యాడుండె? వేపచెట్టు కింద ఉండె! ఎనుములు మేసిన సాలుకి మూడున్నర అడుగులు రాసినోడు నీ గుండె కొలుస్తాడా?"

గాళెప్ప నవ్వాడు. "ఆ కథ ఆయనే చెప్పినాడు లేవే. నిజం మాట్లాడితే ఎనుముల నింద వేసి తరిమినారంట."

చూశారా ఆ పరశురామ్ తెలివి! ఎదురుగా ఏ నిజం తెచ్చి పెట్టినా, అదీ తన వైపు సాక్ష్యంగానే నిలబెట్టుకుంటాడు.

"వీడియో కింద చూడు, ఎంతమంది రాసినారో," అని గాళెప్ప ఫోను ముందుకు చాపాడు. "మానేసినాము, బాగుండాము అని."

కొట్రమ్మ ఆ అక్షరాల వంక చూసింది. అవి ఆమెకు చీమల బారు. కానీ దారం కట్టని మొగ్గలు కళ్ళ ముందు మెదిలాయి.

"మానేసి బాగున్నోళ్ళు రాసినారు. మానేసి పోయినోళ్ళు యాడ రాస్తారప్పా? వాళ్ళని లెక్కపెట్టినాడా ఆయప్ప?"

గాళెప్ప ఫోను వెనక్కి తీసుకున్నాడు. "పూలకి దారం కట్టుకునేదానివి, నోరు మూసుకుని సుమ్నె ఉండే," అన్నాడు. ఆ గొంతులో మునుపటి బిగువు లేదు. ఎడమ భుజం రుద్దుకుంటున్నాడు. అది ఆమె చూసింది.

"భుజానికేంది?"

"నిద్రలో పట్టింది."

కొట్రమ్మ గేటు దగ్గర పెట్టిన తన అన్నం డబ్బా మూత కూడా తీయలేదు. సూపర్‌వైజర్ యల్లేష్ దగ్గరికి పోయి, "బండి కావల్లప్పా, ఈయప్పని ఆసుపత్రికి తోలుకపోవల్ల," అంది. బండి విత్తనం మూటలతో బళ్ళారి పోయింది, ఇప్పుడే ఫోన్ చేసి వెనక్కి పిలుస్తానన్నాడు యల్లేష్.

బండి వచ్చేదాకా చేతులు కట్టుకుని కూర్చోలేకపోయింది. మాత్రల అట్ట ఇంట్లో ఉంది, ఇల్లు కోసెడు దూరం.

"పోయి తెస్తా. వచ్చినాక నా కళ్ళ ముందర మింగు."

"తే పో, మింగుతా," అన్నాడు గాళెప్ప. "నీ మొఖం అట్ల పెట్టుకుంటే చూడలేను."

ఆమె మడికి అడ్డంపడి నడిచింది. దారం పడాల్సిన మొగ్గలు సగం సాలుకు ఎండలో అట్లే ఉన్నాయి. ముప్పై ఒక్క ఏళ్ళలో పువ్వును మధ్యలో వదిలి పోవడం అదే మొదలు. చెప్పులో ముల్లు దిగినా వంగి తీయలేదు. పెట్టె తెరిచి అట్ట కొంగున ముడి వేసుకుని, అదే కాలిమీద వెనక్కి తిరిగింది.

బండి ఇంకా రాలేదు. గేటు దగ్గర గాళెప్ప కుర్చీలోనే, గోడకు తల ఆనించి కూర్చుని ఉన్నాడు. తువాలు భుజం మీద ఉంది. మధ్యాహ్నం కునుకు తీసినప్పుడు అట్లాగే కూర్చుంటాడు. కొట్రమ్మ చెంబుతో నీళ్ళు ముంచుకొచ్చి, మాత్ర అరచేతిలో పెట్టుకుని, "లేయప్పా, ఇచ్చిన మాట," అంది. మళ్ళీ అంది. గడ్డం కింద చెయ్యి పెట్టి తల ఎత్తింది. ఎత్తిన తల తన బరువుకు తానే చేతిలోకి వాలిపోయింది.

నేత్రావతి అరుపుకు మడిలోని ఆడవాళ్ళందరూ పరిగెత్తి వచ్చారు. యల్లేష్ ముక్కు దగ్గర వేలు పెట్టి చూసి, టోపీ తీసేశాడు. అందరూ కలిసి అతన్ని నీడలోకి చేర్చి పడుకోబెట్టారు. ఫోను చార్జింగ్ అయిపోయి ఆరిపోయింది. అందులోని పరశురామ్ నోరు మూతపడటానికి అదొక్కటే దారి.

"ఇప్పుడే గదత్తా," అని నేత్రావతి వెక్కుతూ చెప్పింది, "రోడ్డు మీద హోటలుకి పోయొచ్చినాడు. అది అన్నం తినలేదే, దాని కోసరం అన్నాడు."

కొట్రమ్మ అరచేయి మూసుకునే ఉంది. చెమటకు కరిగిన మాత్ర రంగు వేళ్ళ సందుల్లోంచి కారుతోంది.

ఖాళీ కుర్చీ పక్కన, ఇటుక మీద, బొరుగుల ఉగ్గాని పొట్లం ఇంకా వెచ్చగానే ఉంది; బజ్జీల నూనె కాగితం మీద మెల్లగా పాకుతూ ఉంది.