పదిహేడు రోజుల ముందు

ఇన్సూరెన్సు ఏజెంటు హారింగా గారు మా ఇంటికి కాగితాలు తెచ్చిన రోజు పిల్లాడికి జ్వరం. టామ్మోను భుజాన వేసుకుని ఊపుతూనే ఆయనకు టీ పోశాను. కప్పులో కలకండ ముక్క చిటపటమంటుంటే ఆయన గడగడా అప్పజెప్పాడు.

"ఉద్యోగం దగ్గర తగాదా వస్తే లాయరు ఖర్చు మాది. మొదటి మూడు నెలల్లో పుట్టిన తగాదా మాత్రం లెక్కలోకి రాదు. మార్చి ఒకటి నుంచి మొదలు. ఇక్కడ సంతకం పెట్టండి, వీబ్కె గారూ."

టామ్మో ఏడుస్తున్నాడు. సంతకం పెట్టాను. కంపెనీ పేరున్న నీలం పెన్ను నాకే వదిలేసి వెళ్ళాడు.

నేను పనిచేసే లాండ్రీకి దీవుల్లోని హోటళ్ళ దుప్పట్లు పడవల మీద వస్తాయి. యజమాని ఫోకెన్ పసిపిల్లల తల్లుల్ని ఎక్కువ కాలం ఉంచుకోడని అందరూ అనేవారు. అందుకే మా అత్తయ్య పాలసీతో పాటు ఒక నోటుపుస్తకం కూడా కొనిచ్చింది. "ఆయన ఏమన్నా తేదీ, టైము వేసి రాసిపెట్టుకో. నోటిమాట గాలికి పోతుంది" అంది.

మే పద్నాలుగున, ఇస్త్రీ యంత్రం పక్కన, ఫోకెన్ అన్నాడు. "మీ వాడు దగ్గినప్పుడల్లా హోటళ్ళవాళ్ళు దుప్పట్లు లేకుండా పడుకోవాలా? ఇంకొక్కసారి మానేస్తే ఇక రావద్దు. ఇదే నా హెచ్చరిక."

బాత్రూములో గడియ వేసుకుని రాసుకున్నాను. ఉదయం తొమ్మిదిన్నర.

జూలైలో ఉత్తరం వచ్చింది. పని తగ్గింది కాబట్టి నన్ను తీసేస్తున్నారట. అందులో పిల్లాడి ఊసు లేదు, హెచ్చరిక ఊసు లేదు. మూడు వారాల్లోగా కోర్టుకెక్కకపోతే ఆ ఉద్యోగం మీద ఆశ వదులుకోవాల్సిందే. నేను వెళ్ళి కలిసిన లాయరమ్మ ఉత్తరం చూసి, "ఇలా తీసెయ్యడం కోర్టులో నిలబడదు. ముందు మీ ఇన్సూరెన్సు వాళ్ళనడగండి" అంది.

నేను తొమ్మిదో క్లాసులో బడి మానేసినదాన్ని. ఇన్సూరెన్సు వాళ్ళు పంపిన ఫారంలో 'తగాదా ఎప్పుడు, ఎలా మొదలైంది' అన్న చోట నాలుగు గీతలున్నాయి. నాకు చాల్లేదు. నోటుపుస్తకం ముందు పెట్టుకుని, టామ్మో పడుకున్నాక, రెండు పేజీలు గుండ్రటి అక్షరాలతో రాసి జతచేశాను. మే పద్నాలుగు అన్న చోట కింద గీత కూడా గీశాను. రాసింది రెండుసార్లు చదువుకున్నాను. ఒక్క తప్పు లేదు.

తొమ్మిదో రోజున జవాబొచ్చింది. నేను పంపిన వివరాల ప్రకారమే తగాదా మే పద్నాలుగున పుట్టిందట, అప్పటికి మూడు నెలలు నిండలేదట, కనుక ఖర్చు ఇవ్వరట. వివరంగా రాసినందుకు కృతజ్ఞతలు కూడా చెప్పారు.

హారింగా గారికి ఫోన్ చేశాను.

"పదిహేడు రోజులు ఆగి తిట్టించుకోవాల్సింది, వీబ్కె గారూ" అని నవ్వాడు. "జూలైలో వచ్చిన ఉత్తరం ఒక్కటి జతచేసి పంపుంటే అయిపోయేది కదా. మిమ్మల్ని కథ ఎవరు రాయమన్నారు?"

"ఉన్నది ఉన్నట్టు రాయాలి కదండీ."

"రాశారుగా మరి."

లాయరమ్మ జాలిగానే చెప్పింది. ఈ కోర్టులో గెలిచినా ఎవరి లాయరు ఖర్చు వాళ్ళదే. మా ఆయన ఓన్నోకు పడవ మీద పనికి వచ్చే జీతం అద్దెకీ తిండికీ సరి. కోర్టు గుమాస్తా ఉచితంగా ఫిర్యాదు రాసిపెడితే గడువుకు రెండు రోజుల ముందు దాఖలు చేసి, విచారణకు ఒక్కదాన్నే వెళ్ళాను.

ఫోకెన్ పక్కన బూడిదరంగు సూటులో లాయరు. ఆయన చట్టం నంబర్లు చెబుతుంటే నేను నోటుపుస్తకం తెరిచి పట్టుకుని కూర్చున్నాను. జడ్జి దాన్ని ఓపికగానే చూసి, "దీనికి సాక్షులున్నారా?" అనడిగాడు. ఇస్త్రీ యంత్రం దగ్గర ఆ రోజు ఇంకో ఇద్దరున్నారు. ఇద్దరూ ఇంకా అక్కడే పనిచేస్తున్నారు. నేను వాళ్ళ పేర్లు చెప్పలేదు. చివరికి ఒక నెల జీతం, నా గురించి నాలుగు మంచి మాటలున్న సర్టిఫికెట్టు ఇస్తామన్నారు. ఉద్యోగం మాత్రం లేదు. సరేనన్నాను.

బయట వసారాలో ఫోకెన్ లాయరు నా చేత ఏదో రసీదు మీద సంతకం పెట్టించుకోవడానికి పెన్ను ఇచ్చాడు. నీలం పెన్ను. అదే కంపెనీ పేరు.

నేను దాన్నే చూస్తుంటే ఫోకెన్ అన్నాడు, "హారింగా మంచోడమ్మా. మాకు పన్నెండేళ్ళుగా ఆయనే. మా లాయరు ఖర్చంతా వాళ్ళే చూసుకుంటారు." తర్వాత తలుపు తెరిచి పట్టుకుని, ముందు నన్ను వెళ్ళనిచ్చాడు.

ఇంటికొచ్చేసరికి అత్తయ్య టామ్మోకు గంజిలాంటిదేదో తినిపిస్తోంది. నన్ను చూడకుండానే అడిగింది.

"అక్కడేం రాసొచ్చావ్?"

"ఏం రాయలేదు. పేరొక్కటే."

ఆవిడ చెంచా పిల్లాడి నోట్లో పెట్టి, మూతి తుడిచింది.

"ఆ పనేదో ఫారం మీదే చేసుంటే సరిపోయేది కదే."