శేషగిరి గారి తుపాకి, రాఘవులు రంపం

టొరంటో దగ్గర మిల్టన్‌లో ఉండే వీరరాఘవులుకి డెబ్బై నాలుగేళ్లు. ఓక్‌విల్ కార్ల ఫ్యాక్టరీ టూల్ రూమ్‌లో ముప్ఫై ఒక్క ఏళ్లు పనిచేసి రిటైరయ్యాడు. ఆయన చేతికి ఇనుమంటే ఎంత చనువో, నోటికి నిజమంటే అంత మొహమాటం. ఎనభై రెండులో ఉత్తరాన వేటకి వెళ్తే చలి ఎంత ఉందంటే, పేల్చిన తూటా రెండడుగులు వెళ్లి, బయట ఉండలేక వెనక్కి తిరిగి గొట్టంలోనే దూరిందని చెబుతాడు. టిమ్మిన్స్ దారిలో గుర్రమంత మూస్ దుప్పి ఒకటి కారుకి అడ్డం నిలబడి, మీ ఫ్యాక్టరీలో ఉద్యోగాలున్నాయా అని అడిగిందనీ, అప్లికేషన్ ఫారం ఇచ్చి పంపాననీ చెబుతాడు. మిల్టన్ నుంచి మిస్సిసాగా దాకా తెలుగువాళ్లందరూ ఈ కథలు విన్నారు. నమ్మినవాడు ఒక్కడూ లేడు. వినకుండా లేచిపోయినవాడూ లేడు.

ఆయన ఎవరికీ చెప్పని కథ ఒక్కటే. అది బేస్‌మెంట్‌లో ఇనుప అల్మారాలో, ట్రిగ్గర్‌కి తాళం వేసుకుని ముప్ఫై ఎనిమిదేళ్లుగా పడి ఉంది.

అది రెండో ప్రపంచ యుద్ధకాలంలో లాంగ్ బ్రాంచ్ ఫ్యాక్టరీలో తయారైన లీ ఎన్‌ఫీల్డ్ రైఫిల్. దాని అసలు యజమాని హెరాల్డ్ అనే మాజీ సిపాయి. యుద్ధం నుంచి వచ్చాక సార్నియాలో రిఫైనరీలో పనిచేశాడు. అక్కడ డాక్టరుగా ఉన్న శేషగిరి దగ్గరే వైద్యం చేయించుకునేవాడు. తను స్నైపర్‌నని, హాలండ్‌లో మంచులో దాక్కుని పడుకుని ఈ తుపాకితో ఎంతమందిని దూరం నుంచి గురిచూసి కొట్టాడో బీపీ చూపించుకున్నప్పుడల్లా చెప్పేవాడట. వృద్ధాశ్రమానికి వెళ్లేముందు తుపాకి తెచ్చి శేషగిరి చేతిలో పెట్టి, ఉన్నది ఉన్నట్టు ఉంచమని ఒక్క మాట అడిగాడు. శేషగిరి సరేనన్నాడు.

ఆ రోజుల్లో ఈ చుట్టుపక్కల మనవాళ్లు పట్టుమని పన్నెండు కుటుంబాలు. దసరాకి అందరూ రాఘవులు ఇంట్లో కలిసేవారు. ఆయుధ పూజకి ఎవరి పనిముట్టు వాళ్లు తెచ్చి అమ్మవారి ముందు పెట్టాలి కదా. ఇంజనీర్లు కాలిక్యులేటర్లు పెట్టేవారు, ప్రొఫెసరు గారు సుద్దముక్క పెట్టేవారు, రాఘవులు తన కొలతల పరికరాలు పెట్టేవాడు, అందరూ కలిసి కారు తాళాలు కుప్ప పోసేవారు. వాటిని చూసి అమ్మవారు మహిషాసురుణ్ణి చంపాలా, ఇన్‌కమ్ టాక్స్ కట్టాలా తేల్చుకోలేకపోయేదని రాఘవులు అనేవాడు. అలాంటి చోటికి శేషగిరి రైఫిల్ తెచ్చాడు. మూడు దసరాలు ఆ తుపాకిదే పెద్దరికం. బొట్టుపెట్టి, చామంతి దండ వేసి, పిల్లల్ని వరసగా నిలబెట్టి దణ్ణం పెట్టించేవారు. అప్పటి నుంచి వేటకి కూడా దానితోనే ఇద్దరూ కలిసి వెళ్లేవారు. రాఘవులు కంటే శేషగిరి ఆరేళ్లు పెద్ద. అయినా ఆ అడవుల్లో ఇద్దరికీ ఒకటే వయసు.

ఎనభై ఆరులో, వేట నుంచి వస్తూ శేషగిరి తుపాకి బరువుకి భుజం లాగేస్తోందన్నాడు. దసరాకి ముందు శుభ్రం చేసి పెట్టమని రాఘవులుకి ఇచ్చి వెళ్లాడు.

పూజకి పనిముట్టు పెట్టేటప్పుడు తుడిచి, నూనె రాసి, వంకరలుంటే సరిచేసి, కొత్తదానిలా పెట్టడం మనవాళ్ల అలవాటు. రాఘవులు ఆ అలవాటుని నాలుగడుగులు ముందుకి తీసుకెళ్లాడు. డాక్టరు గారి భుజం మీద ప్రేమతో, హాక్సా రంపం తీసుకుని గొట్టం కింద ఉన్న పొడుగు చెక్కని సగానికి కోసేశాడు. పైన కప్పే చెక్కలు తీసేశాడు. ఇనుప పట్టీలు ఊడదీశాడు. మిగిలిన ముక్కని నున్నగా గుండ్రంగా అరగదీసి, కార్లకి వేసే మెరుగు పూత కొట్టాడు. అప్పట్లో వేటగాళ్లు వేలమంది పాత సైన్యం తుపాకుల్ని తేలిక చేసుకోవడానికి చేసినదే ఇది. తీసేసిన ముక్కల్ని చలికాలం పొయ్యిలో వేశాడు. నవమి నాడు పట్టుగుడ్డ కప్పి, పన్నెండు కుటుంబాల ముందు గుడ్డ లాగాడు.

శేషగిరి దాన్ని చాలాసేపు చూశాడు. పులిహోర తినలేదు. భార్య పద్మినిని లేవమని, కారెక్కి సార్నియా వెళ్లిపోయాడు. తుపాకి తీసుకెళ్లలేదు.

ఆ తర్వాత పెళ్లిళ్లలో ఎదురుపడితే నమస్కారం, ప్రతి నమస్కారం. అంతే. తుపాకులకి లైసెన్సు తప్పనిసరైన కాలం వచ్చినప్పుడు రాఘవులే పరీక్ష రాసి లైసెన్సు తెచ్చుకున్నాడు కానీ, వేటకి మళ్లీ వెళ్లలేదు. ఆడవాళ్లు మాత్రం ఫోన్లు మానలేదు. పద్మినీ, రాఘవులు భార్య చాముండేశ్వరీ మాట్లాడుకున్న మాటలన్నీ తీగగా సాగదీస్తే మన దేశం వెళ్లి తిరిగి రావచ్చు.

ఈ ఏడాది మార్చిలో అలాంటి ఒక ఫోన్ పెట్టేసి చాముండేశ్వరి బేస్‌మెంట్‌లోకి దిగింది. అక్టోబరులో డాక్టరు గారికి ఎనభై నిండుతాయట. ఏం కావాలని పద్మిని అడిగితే, ఏమీ వద్దు, ఆ తుపాకిని మునుపటిలా ఒక్కసారి చూడాలని ఉంది, కానీ అది అయ్యే పని కాదులే అన్నాడట.

రాఘవులు ఆ మాట విని ఏ కథా చెప్పలేదు. అల్మారా తాళం తీశాడు.

తుపాకి పనులు తెలిసినవాడు ఆ వీధిలోనే ఉన్నాడు. పేరు మహీధర్. టొరంటోలో బ్యాంకు సాఫ్ట్‌వేర్ పని, శనివారాలు షూటింగ్ రేంజిలో కాల్పులు, మిగిలిన టైమంతా పాత రైఫిళ్ల పిచ్చి. అతను చూసి, అంకుల్, గొట్టం కోయలేదు కాబట్టి బతికిపోయారు అన్నాడు. గొట్టం చుట్టూ ఉండే చెక్క ఇంగ్లండు నుంచి తెప్పించాడు. పట్టీలు, మరలు ఎక్కడెక్కడి పాత డబ్బాల్లోంచో వెతికి పట్టాడు. స్నైపర్ తుపాకి కాబట్టి పైన గురిచూసే దుర్బీను లాంటి స్కోపు, చెంప ఆనించుకునే దిమ్మ కూడా ఉండాలి కదా అని రాఘవులు అడిగాడు. అసలు స్కోపులు మ్యూజియాలకే దొరకవు, నకలు తెప్పిస్తానన్నాడు మహీధర్. దాన్ని బిగించడానికి తుపాకికి చిల్లులు వేస్తారా అని అతను అడిగితే, రాఘవులు రెండు చేతులూ వెనక్కి పెట్టుకున్నాడు. చిల్లు అక్కర్లేకుండా బిగుసుకునే పట్టు ఒకటి తనే తయారుచేశాడు. రెండు నెలలు పట్టింది.

చెక్క కూర్చడం ఇంకా పెద్ద పని. ఇనుము చెక్కలో ఎక్కడా వదులు లేకుండా, ఎక్కడా ఒత్తకుండా కూర్చోవాలి. ఎక్కడ ఒత్తుతోందో తెలియడానికి రాఘవులు భార్య కాటుక తీసుకుని ఇనుముకి పూసేవాడు. చెక్కలో దించి, పైకి తీసి, నల్లగా అంటిన చోట ఉలితో వెంట్రుకవాసి తీసేవాడు. మళ్లీ కాటుక, మళ్లీ దించడం. చాముండేశ్వరి బ్రాంప్టన్ వెళ్లి ఒకేసారి ఆరు కాటుక డబ్బాలు కొంటే, డాన్స్ ప్రోగ్రామా ఆంటీ అని షాపువాడు అడిగాడట. మా ఆయనకి అంది. ఆ షాపుకి మళ్లీ వెళ్లలేదు.

తర్వాత అవిసె నూనె. అరచేత్తో వేడి పుట్టేదాకా రుద్దాలి. మొదట రోజుకొకసారి, తర్వాత వారానికొకసారి. పెళ్లికూతురికి నలుగు పెట్టినట్టు పెడుతున్నారు, నా మోకాళ్లకి ఒక్కనాడు రాయలేదని చాముండేశ్వరి అంది. నూనె పట్టేకొద్దీ చెక్క తేనె రంగు తిరిగింది. రుద్దుతున్న చేతికి పాత రోజులు తగిలేవి. అడవిలో టార్పాలిన్ కింద శేషగిరి కాచిన చారు, ఫ్లాస్కు మూతలో తాగిన కాఫీ, ఒక్క దుప్పి కూడా దొరక్క తిరిగొచ్చిన ఏడు చలికాలాలు. నిజం చెప్పాలంటే వాళ్లిద్దరూ ఒక్క జంతువునీ కొట్టలేదు. రాఘవులు కథల్లో అడవి ఖాళీ అయిపోవడం వేరే సంగతి.

సెప్టెంబరు నాటికి తుపాకి తయారైంది. కానీ స్కోపు బిగించేటప్పుడే ఒక సంగతి బయటపడింది. అసలైన స్నైపర్ తుపాకికి ఎడమ పక్క ఇనుము మీద టి అనే ఇంగ్లీషు అక్షరం కొట్టి ఉంటుంది. స్కోపు బిగించిన చిల్లులుంటాయి. రాఘవులు భూతద్దం పెట్టి వెతికాడు. చిల్లులు లేవు. అక్షరం లేదు. హెరాల్డ్ ఏ మంచులో పడుకున్నాడో కానీ, ఈ తుపాకి మాత్రం ఏనాడూ స్నైపర్ చేతిలో లేదు.

చాముండేశ్వరికి ఇది చెప్పకుండా ఉండాల్సింది. ఆవిడ పద్మినిని కదిపింది. ఎడమ పక్క ఒక అక్షరం ఉండేదని, అరిగిపోయి మసగ్గా ఉండేదని డాక్టరు గారు ఇప్పటికీ అంటూంటారట. మధ్యాహ్నం భోజనాలయ్యాక ఆవిడ బేస్‌మెంట్ మెట్ల మీద కూర్చుంది.

"మీ దగ్గర అక్షరాలు కొట్టే పంచ్‌లు ఉన్నాయి కదండీ."

"ఉన్నాయి."

"ఒక్క అక్షరం. ఆయన వేలితో తడుముకుని మురిసిపోతారు. యాభై ఏళ్లుగా నేను వద్దంటున్నా అబద్ధాలు చెప్పారు. ఇవాళ నేనే అడుగుతున్నా, ఒక్కటి చెప్పండి."

మహీధర్‌ని అడిగితే వాడి మొహం వాడిపోయింది. రెప్లికా అని చెప్పుకుంటే ఏ తప్పూ లేదు అంకుల్, టి కొడితే అది ఫేక్ అవుతుంది అన్నాడు. ఎవరు కనిపెడతారని రాఘవులు అడిగాడు. మీరు కొడితే ఎవరూ కనిపెట్టలేరు, అదే నా భయం అన్నాడు వాడు.

అది నిజమే. రాఘవులు పాత ఇనుప ముక్క మీద టి కొట్టి చూశాడు. ఉప్పునీళ్లలో నానబెట్టి, నూనె గుడ్డతో రుద్ది, అంచులు అరగదీశాడు. ఎనభై ఏళ్ల నాటి అక్షరమైంది. తర్వాత రైఫిల్‌ని బల్లకి అమర్చిన ఇనుప పట్టకారులో బిగించి, పంచ్ ఎడమ పక్క ఆనించి, సుత్తి ఎత్తాడు.

ఎత్తిన సుత్తి అలాగే ఉంది. తను కథ చెప్పేటప్పుడు ఎదుటివాడి కళ్లలో ఒక నవ్వు మొదలవుతుంది. వీడు మళ్లీ మొదలెట్టాడ్రా అని. ఆ నవ్వు కోసమే తను చెప్పేది. ఇప్పుడు చెప్పబోయే అబద్ధానికి నవ్వేవాడు ఉండడు. ఎనభై ఏళ్ల పెద్దమనిషి వేలు పెట్టి తడిమి, నమ్మి, కళ్లు తుడుచుకుంటాడు. పైగా ఆ రోజు కూడా ఇలాగే, ఆయనకి ఏం కావాలో ఆయన్ని అడక్కుండా, ఆయన మీద ప్రేమతోనే రంపం పట్టాడు.

సుత్తి దించేశాడు. అంటే డాక్టరు గారి మొహం మీద, నీ తుపాకి మామూలు తుపాకి అని తనే చెప్పాలి. ఆయన మళ్లీ లేచి వెళ్లిపోతే ఇక రావడానికి ఆయనకీ ఏళ్లు లేవు, తనకీ లేవు. చాముండేశ్వరి ఫోన్ చేసి వాళ్లని భోజనానికి పిలిచిన ఆదివారానికి ఇంకా మూడు వారాలుంది, ఆ మూడు వారాలూ రాఘవులు సరిగా నిద్రపోలేదు.

అక్టోబరులో ఒక ఆదివారం పొద్దున్నే శేషగిరి దంపతులు సార్నియా నుంచి వచ్చారు. రెండున్నర గంటల దారి, డాక్టరు గారే నడిపారు. కాఫీ తాగి, ఆయన మెల్లిగా రెయిలింగ్ పట్టుకుని బేస్‌మెంట్‌లోకి దిగాడు. ఆడవాళ్లు పైనే ఉండిపోయారు. ఈసారి రాఘవులు గుడ్డ కప్పలేదు. బల్ల మీద నూనె మెరుపుతో, ఆ చివర నుంచి ఈ చివర దాకా చెక్కతో, స్కోపుతో, రైఫిల్ అలా ఉంది.

శేషగిరి కళ్లజోడు సర్దుకున్నాడు. ముందు చెక్క మీద చెయ్యి పెట్టి చివరిదాకా జరిపాడు. అక్కడ చెయ్యి కాసేపు ఆగింది. తర్వాత తుపాకిని తిప్పి, ఎడమ పక్క బొటనవేలు ఆనించాడు.

"రాఘవులూ, ఇక్కడ టి ఉండాలి కదా."

"లేదు డాక్టరు గారూ. ఎప్పుడూ లేదు. స్కోపు నేను పెట్టింది, ఆ దిమ్మ నేను చేసింది. అవి తీసేస్తే ఇది మామూలు సిపాయి తుపాకి. ఆ రోజు మిమ్మల్ని అడక్కుండా కోశాను. తప్పు చేశాను."

శేషగిరి స్టూలు లాక్కుని కూర్చున్నాడు. తర్వాత ఆయన భుజాలు కదిలాయి. ఏడుస్తున్నాడనుకుని రాఘవులు కంగారు పడ్డాడు. ఆయన నవ్వుతున్నాడు.

"పోయింది. పద్మినితో పందెం ఓడిపోయాను. నువ్వు టి కొట్టి ఉంటావని దారంతా వాదించాను."

"మీకు ముందే తెలుసా?"

"హెరాల్డ్ కళ్లు పరీక్ష చేసింది నేనే కదయ్యా. కుడి కన్ను చిన్నప్పటి నుంచీ సగమే కనపడేది. ఎడమది అంతకంటే ఘోరం. సైన్యంలో బంగాళాదుంపల లారీ నడిపాడు. కథ చెప్పేటప్పుడు మాత్రం బీపీ దిగిపోయేది. నేనెందుకు కాదనాలి? అరిగిపోయిన టి కూడా ఆ కథలోదే, నేనూ అలాగే అంటూ వచ్చాను."

రాఘవులు బల్లకి ఆనుకుని, ఇంకొకరి కథ వింటూ నిలబడ్డాడు. అలాంటి సందర్భం ఆయన జీవితంలో ఎన్నిసార్లు వచ్చిందో వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు.

"నేను స్నైపర్ తుపాకి పోయిందని వెళ్లిపోలేదు రాఘవులూ. ఉన్నది ఉన్నట్టు ఉంచుతానని ఆ ముసలాయనకి మాటిచ్చాను. ఆ మాట నీ ఇంట్లో తెగిపోయింది. నీ మీద అరవలేక వెళ్లిపోయాను."

"ఇవాళ టి కనపడి ఉంటే?"

"బాగుందని చెప్పి, భోంచేసి, వెళ్లిపోయేవాణ్ణి."

మూడు వారాల కింద తన చేతిలో ఆగిన సుత్తి ఎంత బరువైనదో రాఘవులుకి అప్పుడు తెలిసింది. మాట మార్చడానికి, స్కోపు తీసేయమంటారా, మునుపటిలా కావాలన్నారు కదా అని అడిగాడు. శేషగిరి తుపాకిని భుజానికి ఆనించి, స్కోపులోంచి గోడ మీది పాత గడియారాన్ని చూశాడు. ఉండనీ అన్నాడు. హెరాల్డ్ చెప్పిన తుపాకి ఇదే, ఆయన చూస్తే తన కథ నిజమేనని తనే నమ్మేవాడు అన్నాడు. తర్వాత తుపాకి బల్ల మీద పెట్టాడు కానీ, చెయ్యి తీయలేదు.

ఇక తీసుకెళ్లండి, మీదే కదా అని రాఘవులు అన్నాడు. ఎలా తీసుకెళ్తాను, నాకు లైసెన్సు లేదే అన్నాడు శేషగిరి. ఇప్పుడు తుపాకి ఒకరి పేరు నుంచి ఒకరి పేరుకి మారాలంటే, తీసుకునేవాడు లైసెన్సు చూపించాలి. లైసెన్సు కావాలంటే శని, ఆదివారాలు క్లాసులో కూర్చుని పరీక్ష రాయాలి. ఎనభై ఏళ్ల వయసులో, పాతికేళ్ల కుర్రాళ్ల మధ్య బెంచీ మీద.

"మిల్టన్‌లో ఆ క్లాసు ఉందా?" అన్నాడు శేషగిరి.

"ఉంది. కానీ రెండ్రోజులు పడుతుంది. సార్నియా నుంచి మీరు రోజూ రావడం..."

"రోజూ ఎందుకు? శుక్రవారం సాయంత్రం వచ్చి మీ ఇంట్లో పడుకుంటాను. నువ్వూ రా క్లాసుకి."

"నాకు లైసెన్సు ఉంది కదా డాక్టరు గారూ."

"ఉందని తెలుసు. పక్కన కూర్చోడానికి రమ్మంటున్నాను."

పై నుంచి చాముండేశ్వరి వడ్డిస్తున్నానని కేక వేసింది. రాఘవులు ఆయనకి చెయ్యి అందించాడు. శేషగిరి ఆ చెయ్యి పట్టుకునే మెట్లెక్కాడు.