కూలిన చోట్ల మీదుగా దారి

అనగా అనగా ఒక ఊరు. లేచి నిలబడినది సగం, కూలినా కదలనిది సగం. చెప్పేవారికి అబద్ధం అంటకూడదు, వినేవారికి భయం అంటకూడదు.

ఆ ఊరు మనాగువా. అక్కడ ఒతీలియా విదేశీయులకు గదులు అద్దెకిచ్చేది. ఉదయం కాఫీ పోస్తూ కొత్తవారికి ఊరి మర్యాదలు చెప్పేది.

"దుకాణంలో అడుగుపెట్టగానే శుభోదయం అనండి, ధర తరువాత. తింటున్నవారి పక్కనుంచి వెళితే తృప్తిగా తినండని చెప్పి వెళ్ళండి. కుళాయి నీళ్ళు తాగకండి. వీధులకు పేర్లుండవు, వెతకకండి. పైకి అంటే సూర్యుడు పొడిచే దిక్కు, సరస్సు వైపు అంటే ఉత్తరం."

ఒక్కటి మాత్రం చెప్పేది కాదు. ఆ ఊళ్ళో దారి అడిగితే, భూకంపంలో పోయిన కట్టడాలనే గుర్తులుగా చెబుతారు. ఆ గుర్తును బట్టి ఊరివారు నడిస్తే ఖాళీ స్థలం వస్తుంది. పరాయివారు నడిస్తే ఆ కట్టడమే ఎదురవుతుంది. అందుకే అతిథులకు నేడు నిలిచివున్న గుర్తులే చెప్పడం అక్కడ మర్యాద.

"మొన్నొకాయన కూలిపోయిన సినిమా హాలుకెళ్ళి బొమ్మ చూసొచ్చాడు," అనేది వంటమనిషి తోమాసా. "సీట్లలో నల్లులట."

ఆ జనవరిలో వెర్నర్ అనే ముసలాయన దిగాడు. శుభోదయం అనకుండానే బల్ల ముందు కూర్చున్నాడు.

"ఈ ఊరు నాకు కొత్త కాదమ్మా. ఇక్కడ నాకు చొక్కాల కార్ఖానా ఉండేది."

ఒతీలియా చేతిలోని కూజా ఆగిపోయింది. ఆమె చెల్లెలు మెలానియా ఆ కార్ఖానాలోనే కుట్టేది. భూమి కంపించిన రాత్రి, పండుగ గిరాకీ కోసం పనిచేస్తున్న ఆడవాళ్ళలో ఒక్కరూ బయటపడలేదు. యజమాని మాత్రం తన దేశానికి వెళ్ళిపోయాడు. ఈ ముఖం కోసమే ఆమె ఇన్నేళ్ళుగా విదేశీయులకు తలుపు తెరుస్తున్నది.

"తలుపులకు బయటినుంచి తాళం వేయించినది మీరేనా?"

"వేయించక? గుడ్డముక్కలు లంగాల్లో దోపుకుని పోయేవారు. మీ ఆడవాళ్ళ సంగతి మీకు తెలియనిదా?" అని నవ్వాడు. "సరే, గడ్డం గీయించుకోవాలి. మంగలి దుకాణం ఎటు?"

ఆమె వాకిలి దాకా వెంట వచ్చింది. "మీ కార్ఖానా ఉండిన చోటికి వెళ్ళండి, దొరగారూ. అక్కడినుంచి ఒక వీధి సరస్సు వైపు."

"అది ఎప్పుడో కూలిందిగా."

"ఇక్కడ దారి అలాగే చెబుతామండి."

ఆయన వీధి మలుపు తిరిగాడు. తోమాసా గరిటె పట్టుకునే బయటికి వచ్చింది.

"అమ్మా, కార్ఖానాను చూడగానే వెనక్కి తిరిగొస్తాడేమో."

"మిషన్ల చప్పుడు వినిపిస్తుందిగా. పని సాగుతున్నదో లేదో చూడకుండా ఉండలేడు. లోపలికి వెళ్ళగానే కాపలావాడు ఎప్పటిలాగే తాళం వేస్తాడు."

"తాళంచెవి ఆయన జేబులోనే ఉంటే?"

"ఉండనీ. ఆ తాళానికి లోపలివైపు రంధ్రం లేదు. అక్కర్లేదని ఆయనే అన్నాడట. మెలానియా నాతో చెప్పింది."

మధ్యాహ్నానికి ఒతీలియా ఆయన దిగిన గదిలో పక్క దులిపి, ఉతికిన దుప్పటి పరిచింది.

ఆయన ఇంకా బయటికి రాలేదని, ఈ కథను మొదట నాకు చెప్పిన మా అమ్మమ్మ తోమాసా అంటుంది.