ఎడమ ఇంజన్

అల్మాటీ నుంచి అక్తావుకు బయలుదేరిన విమానం ఎడమ ఇంజన్ అదురు పెరుగుతోందని గుల్జీరా తెర మీద గమనించింది. ఎగురుతున్న విమానాల ఇంజన్లు పంపే లెక్కలను ఆఫీసులో కూర్చుని చూడటమే ఆమె ఉద్యోగం. పక్క గీత చూసింది. నూనె వేడి కూడా పెరుగుతోంది.

"అగాయ్, ఒకసారి ఇలా రండి," అని పై ఇంజనీరు కైరొల్లాను గౌరవంగా పిలిచింది.

ఆయన తెర మీదికి వంగి చూశాడు. "మళ్లీ మొదలెట్టావా తల్లీ? పోయిన నెల నీ మాట విని ఒక విమానాన్ని దారిలో కిజిల్‌ఓర్దాలో దింపించాను. చూస్తే సెన్సర్ తీగ వదులైంది, అంతే. అందులో వెళ్తూ అక్కడ మంచులో ఇరుక్కున్న పెళ్లివారు ఇప్పటికీ నన్ను తిడుతున్నారు."

"అప్పుడు ఒక్క సెన్సరే అగాయ్. ఇప్పుడు అదురూ, నూనె వేడీ రెండూ ఒకే మాట చెబుతున్నాయి."

"ఇంకొక్క రిపోర్టు రానీ."

ఆమె సరేనంది. రావలసిన వేళకు రిపోర్టు రాలేదు. ఇద్దరూ తెరకేసి చూస్తూ ఉండిపోయారు. ఆలస్యంగా వచ్చిన అంకెలు రెండూ ఇంకా పైకెక్కాయి.

"పైలట్‌కు మీరు చెప్పకపోతే నేనే చెబుతాను," అంది.

కైరొల్లా విమానంతో మాట్లాడే ఫోన్ ఆమె ముందుకు జరిపాడు. ఆమె అంకెలు చదివి చెప్పింది.

"మాకిక్కడ ఏ తేడా తెలియడం లేదే," అన్నాడు కెప్టెన్ సెరిక్‌బోల్.

"తెలిసేదాకా ఆగొద్దు. ఎడమ ఇంజన్ జోరు తగ్గించి కిజిల్‌ఓర్దాలో దిగండి."

"సరే. దిగుతున్నాం."

దిగిందన్న కబురు వచ్చేదాకా గుల్జీరా కుర్చీలోంచి కదల్లేదు. ఈసారీ ఏమీ దొరక్కపోతే ఇక తన మాట ఎవరు వింటారు?

అక్కడి మెకానిక్ ఫోన్ చేశాడు. "నూనెలో అరుగుదలను పట్టే అయస్కాంతం నిండా ఇనుప రజనే. లోపల బేరింగ్ పిండైపోతోంది. సమయానికి దింపారు."

ఆమెకు సంతోషం కలగలేదు.

"ఆగమన్నది నేను," అన్నాడు కైరొల్లా.

"ఆగింది నేను కూడా అగాయ్."

ఆయన కుర్చీ లాక్కుని పక్కన కూర్చున్నాడు. "దీనితోపాటే మరమ్మతుకెళ్లి, అదే రకం బేరింగ్ వేయించుకున్న ఇంజన్ ఇంకోటుండాలి. ఎక్కడుందో చూడు."

ఆమె వెతికింది. "అస్తానాలో ఆగిన విమానానికి ఉంది. ప్రయాణికులు ఎక్కుతున్నారు."

"దాని లెక్కలెలా ఉన్నాయి?"

"మామూలుగానే ఉన్నాయి."

ఆయన ఒక్క క్షణం తెరకేసి చూశాడు. తర్వాత ఫోన్ అందుకుని, ఎక్కినవాళ్లను దించమని అస్తానాకు చెప్పాడు.