మూడు రోజుల అబద్ధం

అహల్యకు నెలసరి ఆగిపోయి పద్నాలుగు నెలలైంది. ఆ సంగతి ఇంట్లో ఎవరికీ తెలియదు. ఎలా తెలుస్తుంది? ప్రతి నెలా పౌర్ణమి వెళ్ళిన నాలుగోనాడు ఆమె చాప, చెంబు, సత్తుపళ్ళెం తీసుకుని దొడ్లో ఉన్న తడికెల కొట్టంలోకి పోయి కూర్చునేది. మూడు రోజులు ఎవరినీ ముట్టుకోకుండా అక్కడే ఉండి, నాలుగోనాడు తలకు పోసుకుని ఇంట్లోకి వచ్చేది. ఏ తేడా లేదు. అంతకుముందు ముప్పై ఏళ్ళు ఎట్లా చేసిందో అట్లాగే చేసేది.

వాళ్ళ ఊరు కోదాడకూ చిలుకూరుకూ నడుమ. భర్త నాగయ్యకు ఎనిమిదెకరాల పొలం, రెండు జతల ఎడ్లు. అహల్యకు నలభై నాలుగేళ్ళు. ముగ్గురిని కన్నది. మొదటి ఇద్దరూ మగపిల్లలు. అమ్మవారు పోసి ఒకే వారంలో ఇద్దరూ పోయారు. ఆ తరువాత జాన్‌పహాడ్ దర్గా సైదులుకు మొక్కుకుంటే ఆడపిల్ల పుట్టింది. సైదమ్మ అని పేరు పెట్టుకున్నారు. పెద్దదయ్యాక సూర్యాపేటలో ఇచ్చారు. ఆ పిల్ల తరువాత అహల్య కడుపు పండలేదు.

కొడుకు లేడన్న మాట ఆ ఇంట్లో ఎక్కువగా అనేది నాగయ్య కాదు, అతని తల్లి సాయమ్మ. నాలుగేళ్ళ కిందట ఆమె కులపెద్దలను పిలిపించి, మిర్యాలగూడలో ఉన్న తన కూతురి బిడ్డ లచ్చమ్మను నాగయ్యకు చేద్దామని మాట ఎత్తింది. లచ్చమ్మకు అప్పుడు పదమూడేళ్ళు. నాగయ్య కండువా కొసను వేలికి చుడుతూ, విప్పుతూ అన్నాడు.

"దానికి ఇంకా నెల నెలా స్నానం ఉన్నది గదా. ఉన్నన్ని రోజులు చూస్త. ఆగినంక మీ ఇష్టం."

పెద్దలు ఈ మాట న్యాయంగా ఉందన్నారు. తలుపు వెనక నిలబడి విన్న అహల్యకు మొగుడు తన పక్షాన నిలబడ్డాడనిపించింది. ఆ పూట అతనికి ఇష్టమని చింతచిగురు పప్పు వండింది. ఆ మాటకు ఒక గడువు ఉందనీ, ఆ గడువు తన ఒంట్లోనే నడుస్తోందనీ తరువాత గాని తెలియలేదు.

ముందు రెండు నెలలకోసారి వచ్చింది. ఆ వచ్చింది వాగు పొంగినట్టు వచ్చింది. ఆ పైన నాలుగు నెలలకోసారి. ఆ తరువాత లేదు. దాని బదులు సెగలు మొదలయ్యాయి. వడ్లు చెరుగుతున్నప్పుడో, గొడ్లకు కుడితి పోస్తున్నప్పుడో ఉన్నట్టుండి రొమ్ముల నడుమ నిప్పు అంటించినట్టయ్యేది. అది మెడ మీదుగా చెవుల దాకా పాకేది. గుండె దడదడలాడేది. రవికె తడిసి ముద్దయ్యేది. ఆ వెంటనే వణుకు. పప్పులో ఉప్పు వేసిందో లేదో గుర్తుండేది కాదు. ఒకనాడు దూడ తాడు తెంపుకుందని కూర్చుని వెక్కి వెక్కి ఏడ్చింది. దూడ మళ్ళీ దొరికింది గాని ఏడుపు ఆగలేదు.

"ఏమే, పొయ్యిని గిట్ల మింగినవా? గా చెమటలేంది?" అనేది సాయమ్మ.

"ఎండ అత్తా."

"పుష్యమాసంల ఎండేందే?"

అహల్య నీళ్ళ గోలెం దగ్గరకు పోయి మోచేతుల దాకా చేతులు ముంచి నిలబడేది.

విచిత్రమేమిటంటే, ఆ అబద్ధపు మూడు రోజులే ఆమెకు కాస్త హాయిగా ఉండేవి. కొట్టంలో మట్టినేల చల్లగా ఉండేది. సెగ లేచినప్పుడు చాప పక్కకు తోసి చెంప నేలకు ఆనించి పడుకునేది. ఎవరూ దగ్గరకు రారు. ఎందుకని ఎవరూ అడగరు.

ఒక్కరికి మాత్రం తెలుసు. ఆ ఊరి చాకలి సుక్కమ్మ. నాలుగోనాడు మైలచీర తీసుకుపోయి ఉతికేది ఆమె. కాన్పులు చేసే మంత్రసాని కూడా ఆమే. మొదటిసారి చీర మడత విప్పి చూసి, మళ్ళీ మడిచి మూటలో పెట్టుకుంది.

"ఆగిందా అమ్మా?" అని మెల్లగా అడిగింది.

"సుక్కమ్మా, నీ కాళ్ళు మొక్కుత. ఎవ్వరికీ..."

"నా కాళ్ళు మొక్కితే మీ అత్త నన్ను ఊరు దాటిస్తది. ఊకో. మురికి లేని చీర ఉతుకుడు నాకు సుఖమే గదా." నవ్వింది సుక్కమ్మ. మూట కట్టుకుంటూ, "నాకు ఆగి ఐదేండ్లాయె. నన్నెవడడిగిండు? ఉన్నా మూట మొయ్యాలె, లేకున్నా మూట మొయ్యాలె. సెగ లేస్తే పోయి వాగుల మునుగుత. నీకే పాపం, గా వాగు గూడ లేకపాయె" అంది.

అప్పటినుంచి నెల నెలా శుభ్రంగా ఉన్న చీరను అందరూ చూసేటట్టు బండ మీద బాది ఉతికి తెచ్చేది.

ఇంతలో రజాకార్ల రోజులు వచ్చాయి. సూర్యాపేట రోడ్డు మీద చెట్లు నరికి పడేశారు. బస్సులు ఆగిపోయాయి. ఊళ్ళో సగం ఇళ్ళు తాళాలేసుకుని సరిహద్దు దాటి జగ్గయ్యపేట వైపు పోయాయి. సైదమ్మ మొదటి కాన్పుకని అంతకుముందే పుట్టింటికి వచ్చి ఉంది గనక తిరిగి పోయే దారి లేక ఇక్కడే ఆగింది.

వైశాఖంలో పౌర్ణమి వెళ్ళింది. కూతురు నిండు నెలలతో ఉంది కదా అని అహల్య ఆ నెల కొట్టంలోకి పోలేదు. నాలుగోనాడు గడిచింది, అయిదోనాడు గడిచింది. వారం అయ్యేసరికి సాయమ్మ వాకిట్లో మంచం మీద నుంచే అడిగింది.

"ఏమే అహల్యా, ఈ నెల నీ లెక్క తప్పినట్టున్నది?"

నాగయ్య అక్కడే కూర్చుని పగ్గం పేనుతున్నాడు. తల ఎత్తలేదు గాని చేతులు ఆగాయి.

"ఇయ్యాల పొద్దటి సంది నడుం నొస్తున్నది అత్తా" అంది అహల్య. సైదమ్మకు ఇంకా ఇరవై రోజులుందని వేళ్ళ మీద లెక్క చూసుకుంది. సాయంత్రానికి చాప, చెంబు తీసుకుని కొట్టంలోకి పోయింది.

మర్నాడు తెల్లారేసరికి సైదమ్మకు నొప్పులు మొదలయ్యాయి.

సుక్కమ్మ వచ్చింది. సాయమ్మ లోపలికి పోయింది. నాగయ్య వాకిట్లో అటూ ఇటూ తిరిగాడు. కొట్టానికీ ఆ గదికీ నడుమ ముప్పై అడుగులుంటుంది. ప్రతి మూలుగూ అహల్యకు వినబడుతోంది. మైలలో ఉన్న ఆడమనిషి కాన్పు గదిలో అడుగు పెడితే పుట్టే బిడ్డకు తగులుతుందని ఆ ఇంట్లో అందరి నమ్మకం. మైల లేదని చెప్పి పోవచ్చు. చెబితే నాగయ్య పెట్టిన గడువు ఆ క్షణమే తీరిపోతుంది, మిర్యాలగూడకు కబురు పోతుంది.

"అమ్మా" అంది సైదమ్మ లోపల.

నొప్పుల్లో ఎవరైనా అమ్మా అనే అంటారు, అది పిలుపు కాదని అహల్య తనకు తాను చెప్పుకుంది. మొదటి కాన్పు ఆలస్యమే అవుతుంది. సుక్కమ్మ చెయ్యి మంచిది. ఇంకొంచెం చూద్దాం అనుకుంది. నీడలు పొట్టివయ్యాయి. ఇంకొంచెం చూద్దాం అనుకుంది.

"అమ్మా, రావే! ఎక్కడున్నవే!"

ఇది పిలుపే. అహల్య లేచింది. తడికె పట్టుకుని నిలబడింది. మళ్ళీ కూర్చుంది.

మధ్యాహ్నం సుక్కమ్మ బయటికి వచ్చింది. మోచేతుల దాకా నెత్తురు.

"ఎదురుకాళ్ళతోటి వస్తున్నది. పొల్ల సోలిపోతున్నది. వెనకనుంచి గట్టిగ పట్టేటోళ్ళు గావాలె. ముసలమ్మ చేతుల బలం లేదు. నువ్వు రా."

"నేను బయటున్న గదా సుక్కమ్మా."

సుక్కమ్మ ఆమె ముఖంలోకి చూసింది. "నాతోటేనా అమ్మా గా మాట?"

"పక్కింటోళ్ళను పిలువరాదు..."

"పక్కింటోళ్ళు పోయి పది రోజులాయె. అమ్మా, నేనైతే చెప్ప. నా నోట రాదు. నువ్వే చెప్పాలె. జల్ది రా." వెనక్కి తిరిగి పరుగున లోపలికి పోయింది.

అహల్య కొట్టం దాటింది. వాకిలి దాటింది. గడప దగ్గర సాయమ్మ రెండు చేతులూ చాచి అడ్డం నిలబడింది.

"ఆగు! పిచ్చి లేసిందా? మైలతోటి లోపలికి వస్తవా? బిడ్డకు తగుల్తది!"

"మైల లేదు అత్తా. నాకు ఆగి ఏడాది దాటింది. పద్నాలుగు నెలలు. జరుగు."

సాయమ్మ చేతులు వాటంతటవే కిందికి దిగాయి. నాగయ్య బండి నొగ పట్టుకుని అక్కడే ఉన్నాడు. అహల్య అటు చూడలేదు.

కూతురి వెనక కూర్చుని, చంకల కింద చేతులేసి, ఆ బరువంతా తన రొమ్ముకు ఆనించుకుంది. సైదమ్మ గోళ్ళు ఆమె ముంజేతుల్లో దిగాయి. చాలాసేపు పట్టింది. పుట్టింది ఆడపిల్ల. నీలంగా ఉంది. సుక్కమ్మ అరికాళ్ళ మీద కొట్టి, నోట్లో ఊది, తలకిందులు చేసి తడితే సన్నగా ఏడ్చింది. తల్లీ బతికింది, బిడ్డా బతికింది. బిడ్డ ఎడమ చెయ్యి మాత్రం భుజం నుంచి వేలాడింది. లాగడంలో నరం పోయింది.

సాయంత్రం సుక్కమ్మ చేతులు కడుక్కుంటుంటే అహల్య నీళ్ళు పోసింది.

"పొద్దుగాల్నే వచ్చి పట్టుకుంటే ఆ చెయ్యి నిలుస్తుండెనా?"

ఎప్పుడూ ఏదో ఒక మాట అని నవ్వించే సుక్కమ్మ గోళ్ళ సందుల్లో నెత్తురు రుద్దుకుంది. "నాకు తెల్వదమ్మా" అంది.

లోపల సైదమ్మ కళ్ళు తెరిచే ఉంది. అహల్య తల నిమరబోయింది.

"నేను పిలిస్తే వినపడ్డదా అమ్మా?"

"వినపడ్డది బిడ్డా."

"ఎప్పటి సంది?"

పద్నాలుగు నెలలు అబద్ధంతో బతికిన మనిషికి ఇంకో అబద్ధం పెద్ద కష్టం కాదు. కానీ నోట రాలేదు.

"పొద్దటి సంది."

సైదమ్మ గోడ వైపు తిరిగి పడుకుంది.

ఆ రెండు రోజులూ అహల్య సాయమ్మ తిట్ల కోసం కాచుకుని కూర్చుంది గాని అవి రాలేదు. మూడోనాడు పసిదానికి నలుగు పెడుతూ ముసలామె తనలో తాను అనుకున్నట్టు అంది.

"నాకు ముప్పై తొమ్మిదికే ఆగింది. ఎవ్వరికి చెప్పలే. ఎవ్వరు అడగలే. నాకు కొడుకున్నడు."

"మరి నీకు తెల్సు గద అత్తా, ఆ సెగ ఎట్లుంటదో."

"తెల్సు."

"తెల్సి గూడ..."

"తెల్సి గూడ" అంది సాయమ్మ. పసిదాని వేలాడే చేతిని జాగ్రత్తగా ఎత్తి, దాని కింద తుడిచింది.

నాగయ్య వారం దాకా ఎదుట పడలేదు. ఒకనాడు చద్ది తెచ్చిన అహల్యతో పొలం గట్టు మీద అన్నాడు.

"నాకు చెప్తే ఏమయితుండె?"

"చెప్తే ఆగుతుంటివా?"

అతను ముద్ద కలుపుకుంటూ, "నలుగురిల మాటిచ్చిన" అన్నాడు. ముద్ద నోట్లో పెట్టుకున్నాడు గాని నమలలేదు.

"నేను ఆ మాట నా కోసమే అనుకున్న" అంది అహల్య. ఖాళీ చెంబు తీసుకుని వచ్చేసింది.

మిలిటరీ వచ్చి, రజాకార్ల పని ఖతం అయ్యాక బస్సులు మళ్ళీ తిరిగాయి. మిర్యాలగూడకు కబురు పోయింది. సూర్యాపేట నుంచి అల్లుడు వచ్చాడు. బయలుదేరేముందు సైదమ్మ వంటింట్లోకి వచ్చింది. ఆ అయిదు నెలల్లో తల్లితో అవసరమైన మాటలు తప్ప మాట్లాడింది లేదు.

"నువ్వు గూడ రా అమ్మా. ఆ పెండ్లి నీ కండ్లతోటి చూసుడెందుకు?"

"కోపం పోయిందా బిడ్డా?"

"పోలే. కోపమున్నా రావచ్చు గదా."

అహల్య మనవరాలిని ఎత్తుకుని, వేలాడే చేతికి ఆముదం రాసింది. చిన్న వేళ్ళు కదలలేదు.

"నేను ఇడిసిపోతే ఈ ఇంటికి మళ్ళ ఏమని వస్త? నా ఇద్దరు పిలగాండ్లను ఈ మట్టిలనే పెట్టిన. నువ్వు పైలంగ పో."

కార్తీకంలో మిర్యాలగూడలో నాగయ్యకు లచ్చమ్మతో పెళ్ళయింది. మూడోనాడు కొత్త జంట ఇంటికి వచ్చింది. అహల్య స్నానం చేసి, ఉతికిన చీర కట్టుకుని, హారతి పళ్ళెం సిద్ధం చేసుకుని గడప దగ్గర నిలబడింది. ఆ పని తనదే అనుకుంది. సాయమ్మ వచ్చి పళ్ళెం చేతిలోంచి తీసుకుంది.

"నువ్వొద్దు. పిల్లలు కనే చెయ్యి గావాలె." ఊరికి తిరిగొచ్చిన పక్కింటి కోడలిని పిలిచి ఆమె చేతికిచ్చింది.

నాగయ్య విన్నాడు. పసుపు బట్టల్లో నిలబడి నేల చూశాడు. అహల్య పక్కకు జరిగింది. వచ్చినవాళ్ళ కోసం వండాల్సింది చాలా ఉంది గనక వంటింట్లోకి పోయింది.

కొంతసేపటికి ఆడవాళ్ళు లచ్చమ్మను ఇల్లు చూపించడానికి లోపలికి తెచ్చారు. ఎండాకాలాల్లో అమ్మమ్మ ఇంటికని వచ్చి, తల దువ్వమని ఒళ్ళో కూర్చున్న పిల్లే. అహల్యను చూడగానే అలవాటుగా, "అత్తా" అంది.

"ఇంకా అత్తేందే పిచ్చిదానా! ఇగ అక్క అనాలె!" అంది ఒకామె. అందరూ నవ్వారు. లచ్చమ్మ తల దించుకుంది.

నవ్వులు వాకిట్లోకి పోయాయి. పిల్ల మాత్రం తలుపు చెక్క పట్టుకుని అక్కడే నిలబడింది.

"నాకు భయమైతుంది అత్తా."

అహల్యకు అప్పుడే సెగ లేచింది. చెవుల దాకా పాకింది. కొంగుతో మెడ తుడుచుకుని, పీట వాల్చి, విస్తరి వేసింది.

"పొద్దటి సంది ఏం తిన్నవ్?"

"ఏం తినలే."

"కూసో."

అన్నం పెట్టి పప్పు పోసింది. పిల్ల ఆకలిగా తింటోంది. అహల్య గోడకు ఆనుకుని చూస్తూ కూర్చుంది. ఈ పిల్లకు పదిహేడు. తనకు నలభై నాలుగు. ఈ పిల్లకూ ఆ సెగ లేచేదాకా నడుమ ఇరవై ఏడేళ్ళు. ఆ లెక్క వేయాలని ఆమె అనుకోలేదు, అదే పడింది.

"ఇంకింత పెట్టనా?"

"సాలు అత్తా."

అయినా ఇంకో గరిటెడు అన్నం వేసింది.